మంచం కింది కంప్యూటర్

గుగులోత్ రుక్కికి భయం ఎక్కువ. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళాక, వేశానో లేదో అని వెనక్కి వచ్చి గుంజి చూసే మనిషి. ఆమె పనిచేసిన ఫొటో స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్ ప్రింటుకు పోయే ముందు పెళ్ళికొడుకు పేరూ పెళ్ళికూతురు పేరూ పైకి చదివేది, పక్కన వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా. స్టూడియో యజమాని రమేశ్ నవ్వేవాడు. అయితే ఆమె చేతి మీదుగా పోయిన ఆల్బమ్ తప్పుందని తిరిగి వచ్చిన రోజు లేదు.

గూడూరు అవతల అడవి అంచున ఉన్న తండా ఆమెది. గిరిజన గురుకులంలో ఇంటర్ దాకా చదివింది. జైసింగ్‌తో పెళ్ళయ్యాక మహబూబాబాద్ వచ్చింది. అక్కడివాళ్ళు ఆ ఊరిని మానుకోట అంటారు. జైసింగ్ భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఒక కాంట్రాక్టర్ కింద టిప్పర్ నడుపుతాడు, ఆదివారాలు ఇంటికొస్తాడు. రుక్కి మొదట స్టూడియోలో ఫొటోలకు ఫ్రేములు బిగించే పనికి చేరింది. ఆల్బమ్ పేజీలు కూర్చే అతని వెనక నిలబడి చూసి చూసి, అతను అన్నానికి లేచినప్పుడల్లా మౌసు పట్టి, ఆ పని నేర్చుకుంది. కొన్నాళ్ళకు అతను వెళ్ళిపోతే ఆ కుర్చీ ఆమెదైంది.

ఒకరోజు రమేశ్ స్టూడియోని సగానికి సగం తగ్గించాలనుకున్నాడు. "చెల్లె, ఇప్పుడందరు ఇంటికాడనే చేస్తున్నరు. నువ్వు గూడ ఇంట్లనే చేస్కో. ఫొటోలు నేను పంపుత. కంప్యూటర్ మాత్రం నీదే ఉండాలె. అది తయారయ్యేదాక ఈడనే చెయ్యి" అన్నాడు.

రుక్కి సరేనంది. ఆ సాయంత్రమే మొదలైంది పరేషాన్.

దుకాణాల్లో తయారుగా దొరికే కంప్యూటర్లు టైపింగ్‌కూ, పిల్లల చదువులకూ సరిపోతాయి. పెళ్ళి ఆల్బమ్ తెరిస్తే మాత్రం అవి ఎక్కడికక్కడ బిగుసుకుపోతాయి. ఆమె యుగేందర్‌కు ఫోన్ చేసింది. ఒకప్పుడు రమేశ్ స్టూడియోకు వచ్చి కంప్యూటర్లు బాగుచేసిన కుర్రవాడు అతను. ఇప్పుడు జనగామలో సొంతంగా చిన్న దుకాణం పెట్టుకున్నాడు.

"కట్టుకోవాలె అక్కా. నీ పనికి ఏం కావాలెనో గవే తీసుకొని బిగించుకోవాలె. అన్ని ఒక్కపారి కొనేటందుకు లేదు. వీలైనప్పుడల్ల ఒక్కొక్కటి తీస్కో, ఆఖరికి కలిపి బిగిద్దం" అన్నాడతను.

మాట బాగానే ఉంది. కానీ ఒక్కొక్కటి కొనడమంటే, ఆఖరిది చేతికొచ్చేదాకా ముందు కొన్నవి పనిచేస్తాయో లేదో తెలియకుండా బతకడం. మిగతా భాగాలన్నీ తగిలించుకునే పెద్ద పలక మదర్‌బోర్డు. దాని మధ్యన గూడులాంటి సాకెట్‌లో కూర్చునేది ప్రాసెసర్, లెక్కంతా చేసేది అదే. ఆ గూటికి సరిపడే ప్రాసెసరే కొనాలి. ర్యామ్‌లో కొత్త రకం ఉంది, పాత రకం ఉంది, ఒకదాని గాడిలో ఇంకొకటి దిగదు. అన్నీ బిగించే ఇనుప డబ్బాలో బోర్డు పట్టాలి. కరెంటు అందించే పెట్టెకు అన్నింటినీ మోసే సత్తువ ఉండాలి. రుక్కి ఇవన్నీ ఫోన్లో వీడియోలు చూసి తెలుసుకుంది. ఒక్కో వీడియో ఒక భయం తీర్చి రెండు కొత్త భయాలు పెట్టి పోయేది.

"యుగేందర్ తమ్మీ, బోర్డుకు పాత రకం ర్యామే పడతది అన్నవు గదా?"

"అవునక్కా."

"బోర్డు అట్టపెట్టె మీద గూడ గట్లనే రాసుంది."

"అయితే గదే."

"లోపల వేరే ఉంటే?"

"లోపల గూడ గదే ఉంటదక్కా. ఫికర్ చెయ్యకు."

బోర్డు ముందుగా వచ్చింది, యుగేందర్ దుకాణం నుంచే. ఆ తర్వాత డబ్బా, పండుగలు దాటాక కరెంటు పెట్టె, ర్యామ్. అన్నీ మంచం కిందకు చేరాయి. ఎలుకలు కొరుకుతాయని ప్లాస్టిక్ టబ్బులో పెట్టింది. వానకు గోడ చెమ్మ పడితే టబ్బును ఇటు జరిపింది. తండా నుంచి తల్లి కమ్లి వచ్చి అలసటగా మంచం మీద కూలబడబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"మంచం కుంగితే కింద తగుల్తది యాడీ. కుర్చీల కూసో."

"గుడ్లు పొదగవెట్టినవా ఏంది కింద?" అంది కమ్లి. తల్లీకూతుళ్ళు మాట్లాడుకునేది వాళ్ళ లంబాడీ భాషలో. తెలుగులోకి తెస్తే ఆ ఎకసెక్కెం సగమే వస్తుంది.

సంవత్సరం తిరిగింది. ప్రాసెసర్ ఒక్కటే మిగిలింది. అనుకున్న రకం అప్పటికి బజారులో లేదు. దాని తర్వాతి తరం వచ్చింది, సాకెట్ అదే, పడుతుంది అన్నాడు యుగేందర్. సాకెట్ నిజంగా అదేనా అని ఆమె మళ్ళీ మళ్ళీ అడిగింది. బోర్డు కంపెనీ వాళ్ళ పేజీలో చూసింది, అందులోనూ పడుతుందనే ఉంది. ఆ ప్రాసెసర్ పేరు పక్కన చిన్న అక్షరాల్లో ఇంకేదో ఉంది కానీ అది తనకు సంబంధించిందని ఆమెకు తట్టలేదు.

వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే ఆలుమగలు కలిసి బిగించడానికి కూర్చున్నారు. ఒంటి మీది విద్యుత్తు చిప్పులను కాలుస్తుందని ఎక్కడో విని, రుక్కి ప్రతిసారీ కిటికీ ఇనుప ఊచను ముట్టుకుని వచ్చి పని చేసింది. ప్రాసెసర్ మీద పట్టీ దించి కొక్కెం నొక్కేటప్పుడు కరకరమని చప్పుడైంది. ఆమె చెయ్యి వెనక్కి తీసేసుకుంది. "నువ్వు నొక్కు" అంది. కొండంత టిప్పర్ నడిపే జైసింగ్ రెండు వేళ్ళతో, ఊపిరి బిగబట్టి నొక్కాడు.

అన్నీ అయ్యాయి. మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది. బోర్డు మీద చిన్న దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

వైర్లు తీసి పెట్టారు. ర్యామ్ తీసి పెట్టారు. నలుపు నలుపే. యుగేందర్ ఫోన్లో చెప్పినవన్నీ చేశారు. "నా దగ్గరికి తీస్కరా అక్కా, చూస్తేగాని తెల్వది" అన్నాడు ఆఖరికి.

జైసింగ్ సాయంత్రం బస్సుకు బయలుదేరుతూ గడపలో నిలబడ్డాడు. "నేను గట్టిగ నొక్కిననా?" అని అడిగాడు.

"లేదు. నేనే ఒకపారి ఊచ ముట్టకుంట వచ్చిన" అంది రుక్కి. ఏ పారి ముట్టలేదో ఆమెకే తెలియదు.

మర్నాడు డబ్బాను దుప్పటిలో చుట్టి, జనగామ వైపు పోయే ప్యాసింజర్ ఎక్కింది. సీటు కింద పెడితే కాళ్ళు తగులుతాయి, పైన పెడితే పడుతుంది. ఒళ్ళో పెట్టుకుంది. రైలు కుదుపుకల్లా లోపల ఏదో కదిలినట్టే అనిపించింది. కేసముద్రం దాటాక ఎదురుగా కూర్చున్న ముసలామె "పిల్లగాడా బిడ్డా లోపల, ఊపిరాడుతుందా?" అని అడిగింది. రుక్కికి నవ్వు రాలేదు. పెళ్ళి ఆల్బమ్ ఎప్పుడిస్తావని రమేశ్ పంపిన మెసేజ్‌కు ఏం జవాబు చెప్పాలో ఆలోచిస్తోంది. బయ్యారంలో జరిగిన పెళ్ళి అది. సొంతంగా ఆమె ఒప్పుకున్న మొదటి పని.

యుగేందర్ ఆమె ప్రాసెసర్ తీసి తన దుకాణంలోని కొత్త బోర్డులో పెట్టాడు. తెర వెలిగింది.

"ప్రాసెసర్ మంచిగనే ఉందక్కా. కాలలే."

ఆమె కుర్చీలో కూర్చుంది. అప్పటిదాకా నిలబడే ఉంది.

"అంటే బోర్డు పోయిందా?"

"బోర్డు గూడ మంచిదే. దానికి ఈ ప్రాసెసర్ ఎవరో తెల్వది, గంతే. బోర్డు కొన్నప్పుడు ఇది ఇంకా బజార్లకు రాలే. బోర్డు లోపల ఓ చిన్న ప్రోగ్రాం ఉంటది. దానికి తెల్సిన పాత తరం ప్రాసెసర్ పెట్టి లేపాలె, లేపి ప్రోగ్రాం మార్చాలె, అటెన్క నీది పెట్టాలె." అతను తల గోక్కున్నాడు. "నాకు యాదికి రావాలె గిది. తప్పు నాదే."

పాత తరం ప్రాసెసర్ అతని దగ్గర లేదు. బోర్డు మారుద్దామంటే కొత్త బోర్డుకు ఆమె పాత రకం ర్యామ్ పట్టదు. అప్పుడు గుర్తొచ్చాడు లింగాల ఘనపూర్‌లో ప్రింటింగ్ దుకాణం నడిపే బాలనర్సయ్య. ఆయన కంప్యూటర్ యుగేందరే కట్టాడు, అందులో ఉన్నది సరిగ్గా కావలసిన తరం. ఫోన్ చేస్తే ఆయన "రాండ్రి, తీస్కోండ్రి, అయినంక మల్ల పెట్టుండ్రి" అన్నాడు, చెంబు అరువిచ్చినంత తేలిగ్గా.

ఇద్దరూ బయలుదేరబోతుంటే యుగేందర్‌కు దవాఖాన నుంచి ఫోన్. భార్యకు నొప్పులు మొదలయ్యాయట. అతను రుక్కి వైపు చూశాడు.

"అక్కా, నువ్వే పోవాలె."

"నేనా? నడుస్తున్న మిషన్ నేను ఇప్పాలెనా? అదీ వేరేటోళ్ళది?"

"నీది నువ్వే కట్టినవు గదా. గట్లనే." పెన్‌డ్రైవ్‌లో ప్రోగ్రాం ఎక్కించి ఇచ్చాడు. ఆమె ప్రాసెసర్‌తోపాటు స్క్రూడ్రైవరూ, ప్రాసెసర్ మీద పూసే బూడిదరంగు పేస్టూ ఇచ్చాడు. ఆటో మాట్లాడి ఎక్కించాక చివరి మాట చెప్పాడు. "ఒక్కటే ముచ్చట. ప్రోగ్రాం మారేటప్పుడు కరెంట్ పోవద్దు. నడుమల పోతే బోర్డు ఇగ లెవ్వది."

ఆ మాట దారి పొడుగునా ఆమె వెంట వచ్చింది. మధ్యాహ్నానికే ఆకాశం మసకబారింది. రోడ్డు పక్క దుమ్ము లేచి సుడి తిరుగుతోంది.

బాలనర్సయ్య సన్నటి మనిషి, మాట పెద్దది. రెండు చేతులూ వణుకుతున్నాయి. "గీ వణుకు రోగంతోని నేను ముట్టలేను బిడ్డా. నువ్వే ఇప్పు" అన్నాడు. దుకాణంలో అప్పటికే కాటమయ్య అనే గిరాకీ కూర్చుని ఉన్నాడు. తండ్రి చనిపోయాడు, దశదిన కర్మ కార్డులు ఆ రోజే పంచాలి. తెర మీద ముసలాయన ఫొటోతో కార్డు సగం తయారై ఉంది.

"నా కార్డులు గానియ్యి ముందు" అన్నాడు కాటమయ్య.

"అయితయ్, కూసో. ఆడివిల్ల అంత దూరం నుంచి వచ్చింది."

రుక్కికి ఆ మాటతో ఇంకా భయమేసింది. "బాపూ, ముందు ఆయనయే చెయ్యి. నేను ఆగుత."

"గాలిదుమారం వచ్చేటట్టుంది. నీ పనికి కరెంట్ పోవద్దని యుగేందర్ చెప్పిండు. ముందు నీదే."

ఆయన కార్డు సేవ్ చేశాక, ఆమె ఆ కంప్యూటర్ ఆపింది. డబ్బా తెరిచింది. మూడేళ్ళ దుమ్ము మెత్తగా పేరుకుని ఉంది. ఫ్యాను తిప్పి లాగింది. కింద పేస్టు ఎండిపోయి అది ప్రాసెసర్‌కు అంటుకుని ఉంది. నెమ్మదిగా అటూ ఇటూ కదిలిస్తే వదిలింది. పట్టీ లేపి ప్రాసెసర్‌ను అంచులు పట్టుకుని తీసింది. కింద సాకెట్‌లో వెంట్రుకలకంటే సన్నటి బంగారు రంగు మొనలు, వందలకొద్దీ. ఒక్కటి వంగినా ఈ పెద్దాయన దుకాణం మూతపడుతుంది. ఆమె ఆ సాకెట్ మీద దుమ్ము పడకుండా కార్డు ముక్క కప్పింది.

ఆ ప్రాసెసర్ తన బోర్డులో పెట్టింది. కొక్కెం నొక్కితే అదే కరకర. ఈసారి నొక్కమని చెప్పడానికి పక్కన జైసింగ్ లేడు.

బాలనర్సయ్య తెర వైరును తన డబ్బాకు తగిలించి మీట వేసింది. తెర వెలిగింది.

సంవత్సరం నుంచి ఎదురుచూసిన వెలుగు అది. చూసి సంతోషపడే తీరిక లేదు. బాలనర్సయ్య ఆమె కంప్యూటర్ వైరును తన యూపీఎస్‌కు పెట్టించాడు. ఆమె పెన్‌డ్రైవ్ పెట్టి, యుగేందర్ చెప్పినట్టు ఒక్కొక్కటీ నొక్కింది. తెర మీద సన్నని గీత ఎడమ నుంచి కుడికి పాకడం మొదలైంది.

గీత సగం దాటిందో లేదో, బయట రేకులు దడదడలాడాయి. దుకాణంలో ఫ్యాను ఆగింది. ట్యూబులైటు ఆరింది. యూపీఎస్ కీ కీ మని అరవసాగింది.

"దీని బ్యాటరీ అంత మంచిగ లేదు" అన్నాడు బాలనర్సయ్య, గొంతు తగ్గించి. "కాటమయ్యా, దానికే స్కానర్ గూడ ఉంది. ఆ వైరు గుంజు, జర బరువు తగ్గుతది."

కాటమయ్య లేచి బల్ల కిందకు వంగాడు. అక్కడన్నీ నల్ల వైర్లే.

"వద్దు!" రుక్కి అరిచింది. "ముట్టకండ్రి! ఎవ్వరు ఏం ముట్టకండ్రి!"

కాటమయ్య వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. తనకు అంత గొంతుందని రుక్కికే తెలియదు. గీత పాకుతోంది. చీకటి దుకాణంలో ఆ తెర ఒక్కటే వెలుగు. కీ కీ చప్పుడు దగ్గర దగ్గరగా వస్తోంది. ఆమె రెండు చేతులూ ఒళ్ళో బిగించి పెట్టుకుంది, తనే ఏదైనా ముట్టుకుంటానేమోనని.

గీత చివరికి చేరింది. తెర ఆరింది. తెర మళ్ళీ వెలిగింది, కొత్త ప్రోగ్రాం పేరుతో.

"అయిందా?" అన్నాడు కాటమయ్య కిందినుంచి.

"అయింది" అంది రుక్కి. కంప్యూటర్ ఆపేసి, అప్పుడు ఏడ్చింది. బాలనర్సయ్య భార్య కట్టమ్మ ఇంట్లోంచి వచ్చి మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టి పక్కన కూర్చుంది.

కరెంటు వచ్చేదాకా అందరూ కూర్చున్నారు. కాటమయ్య తన తండ్రి సంగతులు చెప్పాడు. ముసలితనంలోనూ తాటిచెట్టు ఎక్కేవాడట, కొడుకులు మోకు దాచిపెడితే వెతుక్కుని మరీ పోయేవాడట. రుక్కి వింటున్నట్టే ఉంది కానీ ఆమె చూపు ఖాళీగా నోరు తెరుచుకుని ఉన్న బాలనర్సయ్య కంప్యూటర్ మీదే ఉంది.

కరెంటు వచ్చింది. ఆయన ప్రాసెసర్ ఆయన బోర్డులో పెట్టి, పాత పేస్టు తుడిచి కొత్తది పూసి, ఫ్యాను బిగించి, తెర వైరు దానికి మార్చి మీట నొక్కింది. తెర నల్లగా ఉంది.

మళ్ళీ నొక్కింది. నలుపే.

"నీ మిషన్ ఖరాబ్ చేసిన బాపూ" అంది. యుగేందర్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. కాటమయ్య తల పట్టుకున్నాడు. బాలనర్సయ్య మాత్రం బీడీ తీసి, మళ్ళీ జేబులో పెట్టుకుని, "ఇంకోపారి సూడు బిడ్డా. తొందరేం లేదు" అన్నాడు. తొందర ఉందని ముగ్గురికీ తెలుసు.

ఆమె దుకాణం కిటికీ ఊచను ముట్టుకుని వచ్చింది. డబ్బాలోకి ఫోన్ టార్చి వేసి, ఒక్కో భాగాన్నీ తన ఇంట్లో ఎలా పెట్టిందో గుర్తు చేసుకుంటూ చూసింది. ర్యామ్ ఒక కొన కొద్దిగా లేచి ఉంది. గట్టిగా పట్టిన ఫ్యానును ఊపి తీసేటప్పుడు ఆమె మణికట్టు తగిలి ఉంటుంది. తీసి, గాడి చూసుకుని, రెండు చివరలా బొటనవేళ్ళతో నొక్కింది. టక్కుమంది.

మీట నొక్కింది. తెర వెలిగింది. బాలనర్సయ్య కార్డు తెరవగానే కాటమయ్య తండ్రి తెర మీదికి వచ్చాడు, తలపాగాతో.

"వచ్చిండు!" అన్నాడు కాటమయ్య, చనిపోయిన మనిషి గురించి అంటున్నానన్నది మరిచి. తర్వాత ముఖం అటు తిప్పుకున్నాడు.

ప్రింటర్ కార్డులు తీస్తున్నంతసేపూ రుక్కి తన పని చేసుకుంది. తన ప్రాసెసర్ తన బోర్డులో పెట్టింది. తెర వైరు తనవైపు మార్చి మీట నొక్కితే, ఈసారి బోర్డు దాన్ని గుర్తుపట్టింది. తెర మీద వచ్చిన ఆ పేరును బాలనర్సయ్య కళ్ళద్దాలు పైకి జరిపి అక్షరం అక్షరం చదివాడు.

తిరుగు రైలులో యుగేందర్ ఫోన్ చేశాడు. ఆడపిల్ల పుట్టిందట. సంబరంగా చెప్పి, ఆ వెంటనే "బోర్డు ఏమైందక్కా?" అని భయం భయంగా అడిగాడు. తర్వాత జైసింగ్ చేశాడు. లేచిందని చెప్పింది. "అయితే నేను గట్టిగ నొక్కలే" అన్నాడు.

బయ్యారం ఆల్బమ్ ఆ వారంలోనే పూర్తయింది. రమేశ్ చూసి ఒక్క పేజీలో ఫొటో మార్చమన్నాడు. పెళ్ళికూతురు మేనత్త కళ్ళు మూసుకుని ఉంది. రుక్కి మార్చి పంపింది. ఆ తర్వాత పనులు వరుసగా వస్తున్నాయి.

భయం మాత్రం పోలేదు. పొద్దున మీట నొక్కిన ప్రతిసారీ తెర వెలిగేదాకా ఆమె ఊపిరి తీసుకోదు. ఈ మధ్య బాలనర్సయ్య ఫోన్ చేశాడు. తన కంప్యూటర్ మెల్లగా నడుస్తోందట, ర్యామ్ ఇంకొకటి వేయించుకోవాలట, ఏది తెచ్చుకోవాలో ఆమెనే చెప్పమన్నాడు.

"యుగేందర్‌ను అడుగు బాపూ. నాకు భయమైతది."

"అడిగిన. నిన్ను అడగమన్నడు."

రుక్కి కాగితమూ పెన్నూ దగ్గరికి లాక్కుంది. తర్వాత, "ఇప్పుడున్న ర్యామ్ మీద ఏం రాసుందో ఫొటో తీసి పంపు. అట్టపెట్టె మీదిది గాదు, ర్యామ్ మీదిదే పంపు. రెండు దిక్కుల తియ్యి" అంది.